అప్‌డేట్: వీల్‌చైర్‌లోనే మళ్లీ బడికి

బైక్ ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది, ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు ఉద్యోగం నిలుస్తుందా అని అప్పట్లో అడిగాను కదా. నిలిచింది. మొదట వాలంటరీ రిటైర్మెంట్ తీసుకోమన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) చూపించి అర్జీ పెట్టాను: సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వోద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు.

తరగతి కింది గదికి మారింది. ర్యాంపు మాత్రం మొదట జారుడుబల్లలా కట్టారు! అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలని చెప్పి మళ్లీ కట్టించాను. బోర్డులో కింది సగం నాది, పై సగం పిల్లలది.

అసలు టెన్షన్ కాథెటర్‌తోనే, అంటే మూత్రం తీసే గొట్టంతో. నాలుగైదు గంటలకోసారి తప్పదు కాబట్టి మూడో పీరియడ్ తర్వాత లీజర్ అడిగి తీసుకున్నా. అరగంటకోసారి చేతుల మీద ఒళ్లు పైకెత్తుకోవాలి, లేకపోతే పుండ్లు పడతాయి. నేను మర్చిపోతే ముందు బెంచీ పిల్ల "సార్, టైమైంది" అంటుంది.