పైథాన్ 3కు మారాక ఒకే కాన్ఫిగ్ ఫైలు రెండు విలువలు ఎందుకు చూపిస్తోంది?

ప్రశ్న (బెంగళూరు నుంచి)

నమస్కారమండి. మా జట్టు పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో 2.7 నాటి బిల్లింగ్ కోడును పైథాన్ 3కు మారుస్తోంది. 'బిల్లింగ్' ప్యాకేజీ (కోడు ఫైళ్ళ ఫోల్డరు)లోని ఇన్‌వాయిస్ ఫైలు, పక్కనే ఉన్న సెట్టింగుల ఫైలు కాన్ఫిగ్‌ను 'ఇంపోర్ట్ కాన్ఫిగ్' అని తెచ్చుకునేది. ఇప్పుడు బయటి నుంచి ప్యాకేజీని పిలిస్తే అలాంటి మాడ్యూలే (ఇంపోర్ట్ చేసుకునే కోడు ఫైలే) లేదంటోంది. 'ఫ్రమ్ డాట్ ఇంపోర్ట్ కాన్ఫిగ్' అని రాస్తే అక్కడ సరిపోయింది గాని, ఇన్‌వాయిస్ ఫైలును నేరుగా నడిపితే పేరెంట్ ప్యాకేజీ తెలియదంటూ ఆగిపోతోంది. చివరకు బిల్లింగ్ ఫోల్డరునే సిస్.పాత్‌లో (పైథాన్ మాడ్యూళ్ళను వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చి, కొన్ని ఫైళ్ళలో పాత పద్ధతినే ఉంచాము. ఎర్రర్లు పోయాయి, కానీ ఒకచోట కాన్ఫిగ్‌లో మార్చిన పన్ను రేటు మరోచోట పాతదిగానే కనిపిస్తోంది. కారణం ఏమై ఉంటుంది?

సమాధానం 1

పైథాన్ 2 ముందు అదే ప్యాకేజీలో వెతికి, దొరకకపోతేనే సిస్.పాత్ వైపు వెళ్ళేది. అందువల్ల మీ ప్యాకేజీలో 'స్ట్రింగ్' అనే ఫైలుంటే ప్రామాణిక లైబ్రరీలోని స్ట్రింగ్ మరుగున పడేది. ఈ అయోమయాన్ని తొలగించాలని పెప్ 328 (పెప్ అంటే పైథాన్‌లో మార్పులకు రాసే ప్రతిపాదన పత్రం) ప్రతిపాదించింది. 2006లో వచ్చిన 2.5లో కొత్త పద్ధతిని కోరుకున్నవారికి ఇచ్చి, 2008 నాటి 3.0లో పాతదాన్ని పూర్తిగా తీసేశారు.

మీ అసలు చిక్కు వేరు. ఇంపోర్ట్ అనగానే పైథాన్ మొదట సిస్.మాడ్యూల్స్ అనే డిక్షనరీలో ఆ పూర్తి పేరు ఉందేమో చూస్తుంది. ఉంటే ఫైలు జోలికి పోకుండా ఆ ఆబ్జెక్టునే ఇస్తుంది, లేకపోతే ఫైలును వెతికి, ఖాళీ మాడ్యూలు ఒకటి సృష్టించి, ముందు డిక్షనరీలో చేర్చి, ఆ తర్వాతే కోడును పైనుంచి కిందికి నడుపుతుంది. అక్కడ గుర్తింపు పేరుకే గాని ఫైలు ఉన్న చోటుకు కాదు. కాబట్టి పాత పద్ధతిలో వచ్చే 'కాన్ఫిగ్', చుక్కతో వచ్చే 'బిల్లింగ్.కాన్ఫిగ్' అనేవి ఒకే మనిషికి రెండు రేషను కార్డులున్నట్టు రెండు వేర్వేరు మాడ్యూళ్ళు. సిస్.పాత్ మార్పును తీసేసి, అన్నిచోట్లా 'ఫ్రమ్ డాట్' అని చుక్కతో రాసి, పై ఫోల్డరు నుంచి 'పైథాన్ -ఎం బిల్లింగ్.ఇన్‌వాయిస్' అని నడపండి.

సమాధానం 2

పై సమాధానం సరైనదే గాని, -ఎం వాడినా ఒక ప్రమాదం మిగులుతుంది. అలా నడిపిన ఇన్‌వాయిస్ డిక్షనరీలో '__మెయిన్__' పేరుతోనే చేరుతుంది. మరో ఫైలు 'బిల్లింగ్.ఇన్‌వాయిస్'ను ఇంపోర్ట్ చేస్తే అదే కోడు రెండోసారి నడిచి, అందులోని ప్రతి క్లాసుకూ రెండో ప్రతి పుడుతుంది. అప్పుడు ఒక ప్రతి విసిరిన ఎక్సెప్షన్‌ను (ఎర్రర్ సంకేతాన్ని) మరో ప్రతి పేరుతో రాసిన ఎక్సెప్ట్ పట్టుకోదు; ఇది కనిపెట్టడం నరకం. ప్రారంభ కోడును '__మెయిన్__' అనే చిన్న ఫైలులో విడిగా ఉంచి, 'పైథాన్ -ఎం బిల్లింగ్' అని నడపడమే నాకు నచ్చిన పద్ధతి.

ప్రశ్న వేసినవారు

కృతజ్ఞతలు. ప్రోగ్రాము మొదలవడానికి ఆలస్యమవుతోందని కొన్ని ఇంపోర్టులను ఫంక్షన్ల లోపల పెట్టాము. అది తప్పా?

సమాధానం 3

తప్పు కాదు. అయితే ముందు '-ఎక్స్ ఇంపోర్ట్‌టైమ్'తో ఏ మాడ్యూలు ఎంత సమయం తింటోందో చూడండి, 3.7 నుంచి ఆ సౌకర్యం ఉంది. ఇంపోర్టులన్నింటినీ తనంతట వాయిదా వేసే పెప్ 690ను 2022లో తిరస్కరించారు. ఎక్కడ వాయిదా కావాలో 'లేజీ' అనే పదంతో మనమే చెప్పే పెప్ 810కు 2025లో, 3.15ను ఉద్దేశించి ఆమోదం లభించింది. మీ పాత కోడులో ఇంపోర్టుల పాత సాధనమైన 'ఇంప్' మాడ్యూలు వాడి ఉంటే అదీ వెతకండి, 3.12లో దాన్ని తొలగించారు.