పీరియడ్‌లో పది నిమిషాల చిక్కుముడి: సిలబస్‌కు గండి కొట్టినట్టేనా?

లంక_మాస్టారు:
కోనసీమలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతిలో రోజూ పీరియడ్ మొదట్లో పది నిమిషాలు ఒక చిక్కుముడి ఇస్తున్నాను. మొన్నటిది చెబుతాను. రెండు బెంచీల మధ్య జానెడున్నర ఖాళీ. ఇచ్చినవి రెండు పాత దినపత్రిక కాగితాలు, మూరెడు దారం. వంతెన కట్టాలి, దాని మీద డస్టర్ నిలవాలి. అందరూ కాగితాన్ని మడతలు పెట్టారు, కుంగిపోయింది. ఎప్పుడూ నోరు విప్పని, గోదావరి మధ్య లంక గ్రామం నుంచి వచ్చే ఒక పిల్లవాడు, తాత పొగాకు చుట్ట చుట్టినట్టు, కాగితాన్ని బిగించి గొట్టాలు చేశాడు. వాటిని దారంతో జత కట్టి పరిచాడు. డస్టర్ నిలిచింది. మర్నాడు ఒక తండ్రి బడికి వచ్చి ‘ఇది చదువా మాస్టారూ?’ అని అడిగారు. మీరేమంటారు?

మోటారు_షెడ్డు:
ఆ తండ్రిని నేను కాదు గానీ, నేనూ అదే అడుగుతాను. 45 నిమిషాల పీరియడ్‌లో పది పోతే మిగిలేది 35. వారానికి ఆరు రోజులు, అంటే గంట. నెలకు నాలుగు గంటల లెక్కలు పోయినట్టే. పదో తరగతి ప్రశ్నపత్రంలో డస్టర్ నిలబెట్టమని అడుగుతారా?

రేవు_గట్టు:
మా చిన్నప్పుడు ఇవన్నీ కాలువ గట్టు మీదే నేర్చుకున్నాం.

లంక_మాస్టారు:
పోలేదండీ. ఆ గొట్టాల నుంచే స్థూపం (సిలిండర్) పాఠంలోకి వెళ్లాను. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు ఉన్న అట్ట ముక్కలు రెండు తీసుకున్నాం. ఒకటి పొట్టిగా లావుగా, రెండోది పొడుగ్గా సన్నగా చుట్టాం. ‘దేనిలో ధాన్యం ఎక్కువ పడుతుంది?’ అంటే, అట్ట ఒకటే కాబట్టి సమానమని తరగతి అంతా అంది. పోసి చూస్తే పొట్టి గొట్టంలో ఒకటిన్నర రెట్లు పట్టింది. వ్యాసార్థాన్ని వర్గం చేస్తాం గనుక అలా వచ్చిందని పిల్లలే తేల్చారు. బోర్డు మీద సూత్రం రాసి ఇచ్చిన ఏళ్లలో ఒక్కరూ అది అడగలేదు.

మోటారు_షెడ్డు:
ధాన్యం పోసి కొలవడానికి ఎంతసేపు పట్టింది? పది నిమిషాలేనా? నిజం చెప్పండి.

లంక_మాస్టారు:
పద్దెనిమిది.

మోటారు_షెడ్డు:
అదీ నేను చెప్పేది.

పక్కగది_టీచర్:
నేను సోషల్ చెబుతాను. పక్క గదిలో ఇలాంటివి జరిగినప్పుడు నా పిల్లల చెవులన్నీ గోడ అవతలే ఉంటాయి. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ధవళేశ్వరం_వాసి:
మనం అన్నం తింటున్నదే ఒక ఉపాయం వల్ల. గోదావరి అడుగంతా ఇసుక, పునాదికి రాయి తగలదు. కావేరి మీద కల్లణై ఆనకట్ట కట్టిన పాతకాలం వాళ్ల దగ్గర, లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టడం నేర్చుకున్నామని కాటన్ దొరే రాశాడు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. సూత్రం బట్టీపట్టి కట్టలేదు.

మోటారు_షెడ్డు:
కాటన్ దొర అడిస్కోంబ్ సైనిక కళాశాలలో చదువుకుని వచ్చాడు. ముందు లెక్కలు, ఆ తరువాతే ఆనకట్ట. మీరు నా మాటే చెబుతున్నారు.

ధవళేశ్వరం_వాసి:
కళాశాలలో ఇసుక లేదు కదండీ!

గౌతమి_ఒడ్డు:
నాది వేరే బాధ. మా అమ్మాయి బడిలోనూ ఇలాంటివి చేయించారు. జట్టులో అయిదుగురు. ట్యూషన్‌కు వెళ్లే మగపిల్లలు ఇద్దరు కట్టేవారు, మా అమ్మాయి కాగితం ముక్కలు ఊడ్చేది. మూడు నెలలూ అంతే. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటుంది. నలుగురు కలిసి కూర్చున్నప్పటి కంటే, నలుగురూ విడివిడిగా ఆలోచించి జాబితాలు కలిపినప్పుడే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. మాస్టారూ, మొదటి మూడు నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోనివ్వండి. మాట్లాడకుండా.

లంక_మాస్టారు:
అమ్మా, ఇది నాకు తట్టలేదు. రేపటి నుంచే చేస్తాను. పక్క గదికీ కాస్త శాంతి దొరుకుతుంది.

మోటారు_షెడ్డు:
మూడు నిమిషాలు రాయడం, ఏడు నిమిషాలు కట్టడం. మళ్లీ పద్దెనిమిది అవుతుంది చూడండి.

లంక_మాస్టారు:
గడియారం తప్ప మీకు పిల్లలు కనిపించరా అండీ? ఇంతసేపూ ఒక్క మాట కూడా వాళ్ల గురించి అనలేదు.

మోటారు_షెడ్డు:
అంటాను, వినండి. మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. పదిహేనేళ్లకే నేను నీటి మోటారు విప్పి బిగించేవాణ్ణి. ఊరంతా మెచ్చుకుంది, మా లెక్కల మాస్టారూ మెచ్చుకున్నారు. ఆయన మంచివారే. కబుర్లలో పడి చివరి రెండు పాఠాలు చెప్పలేదు. పదో తరగతి లెక్కల్లో నాకు 31 వచ్చాయి. 35 కావాలి. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటు పోయింది. ఈ రోజుకీ మోటార్లు వైండింగ్ చేస్తున్నాను. సర్టిఫికెట్ లేదని ప్రభుత్వ పని ఒక్కటీ రాదు. మా పిల్లలకు ఉపాయాలు మీరు నేర్పక్కర్లేదు. వరద వస్తే అరటి బోదెలతో తెప్ప కట్టుకునేవాళ్లు. వాళ్ల దగ్గర లేనివి ఆ నాలుగు మార్కులు. బడి ఉన్నది అవి ఇవ్వడానికే.

రేవు_గట్టు:
ఇది మొదటే చెప్పాల్సింది.

లంక_మాస్టారు:
గడియారం మాట అన్నందుకు క్షమించండి. పాఠాలు వదిలేయడం తప్పే, దానికి సమర్థన లేదు. కానీ నా మాట కూడా వినండి. తెప్ప కట్టగలిగిన ఆ పిల్లవాడే నా తరగతిలో ‘నాకు లెక్కలు రావండీ’ అని తల దించుకుంటాడు. తన చేతిలో ఉన్నదీ, బోర్డు మీద ఉన్నదీ ఒకటేనని వాడికెవరూ చెప్పలేదు. వంతెన కట్టిన మర్నాడు మొదటిసారి చెయ్యెత్తాడు. మీరు మోటారు విప్పేవారని తెలిసీ, వైండింగ్ చుట్లతో మీకు ఎవరైనా ఒక్క లెక్క చేయించారా?

మోటారు_షెడ్డు:
లేదు. చేయిస్తే మాత్రం ఆ నాలుగు వచ్చేవా?

లంక_మాస్టారు:
వచ్చేవని చెప్పలేను.

పక్కగది_టీచర్:
సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందో ప్రతి శనివారం బోర్డు మీద రాస్తే తల్లిదండ్రులకు ఈ భయం ఉండదు.

మోటారు_షెడ్డు:
రాయండి. చివరి రెండు పాఠాలు జనవరిలోపు అయిపోవాలి. చిక్కుముడి పది నిమిషాలంటే పది నిమిషాలే. సోమవారం వచ్చి గడియారం పట్టుకుని వెనక బెంచీలో కూర్చుంటాను. ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుంటారా?

లంక_మాస్టారు:
అడుగుతాను. రెండో పీరియడ్. కాలిపోయిన మోటారు కాయిల్ ఒకటి ఉంటే తీసుకురండి.