హాస్కెల్ టెస్టులు విడిగా పాస్, కలిపి నడిపితే ఫెయిల్: టెంప్ ఫోల్డర్ల సందేహం

ప్రశ్న: మాదాపూర్‌లో చిన్న టీమ్‌లో పనిచేస్తున్నానండి. బిల్లుల ఫైళ్ల పేర్లు మార్చే టూల్ ఒకటి హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాం. హెచ్‌స్పెక్ (హాస్కెల్ టెస్టుల లైబ్రరీ) టెస్టులు ఒక్కొక్కటిగా అన్నీ పాసవుతున్నాయి, పారలల్, అంటే ఒకేసారి నడిచేలా పెడితే మాత్రం ఒక్కోసారి ఒక్కోటి ఫెయిలవుతోంది. ప్రతి టెస్టూ సెట్‌కరెంట్‌డైరెక్టరీతో (ప్రోగ్రాం ప్రస్తుతం పనిచేసే ఫోల్డర్‌ను, అంటే కరెంట్ డైరెక్టరీని మార్చే ఫంక్షన్) టెంప్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. శుక్రవారం రిలీజ్, టెన్షన్‌గా ఉంది.

జవాబు: చిక్కంతా సెట్‌కరెంట్‌డైరెక్టరీతోనేనండి. కరెంట్ డైరెక్టరీ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) మొత్తానికీ ఒక్కటే, దానిలో పక్కపక్కనే నడిచే ఒక్కో థ్రెడ్‌కొకటి ఉండదు. ఒక టెస్టు దాన్ని మారిస్తే పక్క టెస్టు రాసే ఫైలు కూడా అక్కడికే పోతుంది. ఆ పిలుపును పూర్తిగా తీసేయండి. ఫోల్డర్ పాత్‌ను ఆర్గ్యుమెంట్‌గా అందుకునేలా ఫంక్షన్లు మార్చండి. ‘టెంపరరీ’ అనే ప్యాకేజీలోని విత్‌సిస్టమ్‌టెంప్‌డైరెక్టరీని హెచ్‌స్పెక్ ‘అరౌండ్’కి (ప్రతి టెస్టుకూ ముందూ వెనకా పని చేయించే ఫంక్షన్) ఇస్తే ప్రతి టెస్టుకూ కొత్త ఫోల్డర్ వస్తుంది, టెస్టు ఫెయిలైనా అది చెరిగిపోతుంది.

హెల్పర్లు రెండు చాలు. ఒకటి పాత్, కంటెంట్ జతల లిస్టు తీసుకుని ఫైళ్లు సృష్టించాలి. రెండోది ఫోల్డర్‌ను చదివి అదే రూపంలో లిస్టు తిరిగివ్వాలి. అప్పుడు టెస్టంటే రెండు లిస్టులు పోల్చడమే. పోల్చేముందు సార్ట్ చేయడం మరవకండి, లిస్ట్‌డైరెక్టరీ ఇచ్చే వరసకు గ్యారంటీ లేదు.

ఇంకో మాట. కొత్త పేరు ఏమిటో తేల్చే లాజిక్‌కి డిస్క్‌తో పని లేదు కదా. పాత పేర్లు తీసుకుని పాత–కొత్త జతలిచ్చే ప్యూర్ ఫంక్షన్‌గా (ఇచ్చిన విలువలతోనే పనిచేసి, బయట దేన్నీ ముట్టని ఫంక్షన్) దాన్ని విడదీస్తే చాలా టెస్టులకు టెంప్ ఫోల్డరే అక్కర్లేదు. మిగతావాటికి మాక్ (నకిలీ) ఫైల్ సిస్టమ్ కట్టకండి. ఇంత చిన్న టూల్‌కి నిజమైన డిస్క్ మీద పరీక్షే నమ్మకం.

ప్రశ్న: మార్చానండి, పారలల్ గొడవ పోయింది. ఇప్పుడు ఒక టెస్టులో ‘రిసోర్స్ బిజీ, ఫైల్ ఈజ్ లాక్డ్’ అని వస్తోంది. ఒక ఫైలు చదివి వెంటనే అదే ఫైలులో రాస్తున్నాం.

జవాబు: అది ప్రెల్యూడ్ (హాస్కెల్ తనంతట తానే ఇచ్చే లైబ్రరీ) లోని రీడ్‌ఫైల్ వల్లేనండి. అది లేజీ, అంటే అవసరమైనప్పుడే కొంచెం కొంచెంగా చదువుతుంది. కంటెంట్ చివరిదాకా చదివేవరకూ ఫైలు తెరిచే ఉంటుంది. ఒకే ప్రోగ్రాంలో చదవడానికి తెరిచి ఉన్న ఫైలును రాయడానికి తెరవనివ్వదు జీహెచ్‌సీ (హాస్కెల్ కంపైలర్). బైట్‌స్ట్రింగ్ లైబ్రరీలోని రీడ్‌ఫైల్ వాడండి, స్ట్రిక్ట్‌గా (మొత్తం ఒకేసారి) చదివి మూసేస్తుంది. తర్వాత ఆ బైట్లను డీకోడ్‌యుటీఎఫ్8తో టెక్స్ట్ చేసుకోండి. బిల్లుల్లో తెలుగు ఉంటే ఇది మరీ అవసరం. టెక్స్ట్‌గా నేరుగా చదివితే మెషీన్ లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) ఎన్‌కోడింగ్ వర్తిస్తుంది, మీ ల్యాప్‌టాప్‌లో పాసైన టెస్టు లొకేల్ ‘సీ’గా (ఇంగ్లీషు అక్షరాలకే సరిపోయే సెట్టింగ్) ఉన్న బిల్డ్ సర్వర్‌లో పడిపోవచ్చు.