టర్కీ పిల్లల్ని కోళ్ల గూట్లోనే పడుకోబెట్టొచ్చా? (5 సెంట్ల పెరడు, చీపురుపల్లి వైపు)

కొత్తదడి: పెరడు 5 సెంట్లు, చుట్టూ దడి. రేకుల గూడు 8 అడుగులకి 6 అడుగులు. ఇప్పుడున్నవి వనరాజా (పెరటి కోడి జాతి) పెట్టలు 10, పుంజు ఒకటి, బాతులు 4. ఆరు వారాల టర్కీ పిల్లలు ఆరు, గిన్నికోళ్లు నాలుగు తెద్దామని ఉంది. అన్నిటికీ ఆ ఒక్క గూడే. కుదురుతుందా?

వంశధార_గట్టు: గిన్నికోళ్లు తెచ్చుకోండి. టర్కీలు వద్దు. కోడి గుడ్డిపేగుల్లో (పేగు చివర సంచుల్లా ఉండే రెండు) సెంటీమీటరు పొడవుండే సన్నని తెల్ల పురుగు ఉంటుంది. దాని గుడ్డు లోపల ఇంకో సూక్ష్మజీవి దాక్కుంటుంది. కోడికి దానివల్ల పెద్దగా ఏమీ కాదు. అదే మట్టిలో గింజలేరుకున్న టర్కీకి మాత్రం కాలేయం గుంటలు పడిపోతుంది. ఒకటి రెండు వారాల్లోనే రెక్కలు వేలాడేసి, గంధకం రంగు పచ్చటి రెట్ట వేస్తుంది. బ్లాక్‌హెడ్ అంటారు గానీ తల నల్లబడటం అన్నిసార్లూ కనపడదు, తలకోసం చూస్తూ కూర్చోకండి. ఆ పురుగు గుడ్డు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. వానపాము తిన్నా అందులోనూ ఉంటుంది. మీ దొడ్లో ఇప్పటికే కోళ్లు తిరుగుతున్నాయి కాబట్టి ఆ నేల టర్కీకి పనికిరాదు.

చోడంబలి: ఏటి మాస్టారూ, మా బొబ్బిలి వైపు కోళ్లూ బాతులూ టర్కీలూ అన్నీ ఒకే దొడ్లో ఒగ్గేస్తారు. రెండు నెలలకోసారి పైపరజిన్ పురుగులమందు నీళ్లల్లో కలిపితే పురుగు ఎక్కడిది?

వంశధార_గట్టు: పైపరజిన్ పోగొట్టేది చిన్నపేగులో పెద్ద ఏలికపాముల్ని. గుడ్డిపేగు పురుగు మీద దాని ప్రభావం నామమాత్రం. దానికి ఫెన్‌బెండజోల్ కావాలి, డోసు పక్షుల బరువు చెప్పి పశువైద్యుడిని అడగాలి. అది వేసినా పేగులో పురుగే చస్తుంది. మట్టిలో గుడ్డు చావదు.

గోస్తని: చిన్న సవరణ. పురుగు లేనిదే ఈ రోగం రాదన్నట్టు రాశారు. ఒక టర్కీకి వచ్చాక పక్క టర్కీకి పురుగు అక్కర్లేదు, తడి రెట్ట తగిలితే చాలు.

వంశధార_గట్టు: పురుగు లేనిదే రాదని నేను అనలేదు. కోడి నుంచి వచ్చే దారి చెప్పాను.

గోస్తని: అనలేదు, కానీ చదివినవాళ్లు మందేసి నిశ్చింతగా కూర్చుంటారు.

బాతుగుడ్డు: మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. పొదుగు పెట్ట కింద బాతు గుడ్లు, కోడి గుడ్లు కలిపి పెట్టొచ్చా?

చోడంబలి: బాతు గుడ్డుకి 28 రోజులు, కోడి గుడ్డుకి 21. ముందు బాతు గుడ్లు పెట్టి, ఏడు రోజులయ్యాక కోడి గుడ్లు చేర్చితే రెండూ ఒకేసారి చిట్లుతాయి. ఒకేరోజు పెట్టారంటే కోడిపిల్లలు దిగీసరికి పెట్ట గంప ఒగ్గేసి లేచిపోద్ది. బాతు గుడ్డు పెద్దది, ఏడెనిమిది కంటే కమ్మలేదు.

నాగావళి_ఇసక: గూడు లెక్క ఎవరూ చూడలేదు. 48 చదరపు అడుగులు. కోడికి 2 చొప్పున 22, బాతుకి 3 చొప్పున 12, అంటే 34 ఇప్పటికే నిండాయి. గిన్నికోళ్లకి 8 వేస్తే 42. పెరిగిన టర్కీకి కనీసం 5 కావాలి, ఆరింటికి 30. రోగం మాట తర్వాత, అసలు చోటే లేదు.

అదొకటి, బాతు నీళ్లొకటి. బాతుకి ముక్కు మునిగేలా నాలుగంగుళాల లోతు నీళ్లుండాలి, లేకపోతే కళ్లకి పుసి పడుతుంది. ఆ గిన్నె గూట్లో పెడితే ఊక రెండు రోజుల్లో ముద్దవుతుంది. తడి ఊకలో కోడిపిల్లలకి రక్తవిరేచనాలు. వాసన ఘాటెక్కితే పెద్దకోళ్లకీ కళ్లు మండుతాయి. అడుగు లోతు గుంట తవ్వి, కంకర నింపి, పైన ఇనుప జల్లెడ పరిచి, దాని మీద గిన్నె పెట్టండి. గూటి బయట. రాత్రి గూట్లో నీళ్లూ వద్దు, మేతా వద్దు. నాలుగు బాతుల్లో రెండు మగవైతే ఒకటి తీసేయండి, కోడిపెట్టల మీద ఎక్కి గాయం చేస్తాయి.

కొత్తదడి: మగబాతు ఒకటే ఉంది. మేత అన్నిటికీ ఒకటే పెట్టొచ్చా? నూకలు, తవుడు, కొంచెం చోడి (రాగులు) వేస్తున్నాను.

నాగావళి_ఇసక: పెద్ద కోళ్లకి, బాతులకి ఆ మేతతో పాటు పెరట్లో ఏరుకునేది ఉంటే సరిపోతుంది. గుడ్లు పెట్టే పెట్టలకి నత్తగుల్లల పొడి వేరే పళ్లెంలో పెట్టండి, మేతలో కలపకండి, పిల్లలు ఎక్కువ తింటే మూత్రపిండాలు పోతాయి. టర్కీ పిల్లకి మొదటి నెల 28 శాతం మాంసకృత్తులు కావాలి, కోడిపిల్లకి 20 చాలు. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క మాత్రం దేనికీ వద్దు. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీలు చచ్చింది బూజు పట్టిన వేరుశనగ పిండి తినే. బాతుపిల్ల ఆ బూజు విషానికి ఇంకా సున్నితం.

చోడంబలి: ఇంగ్లండు దాకా ఎందుకండీ. ఆరు పిల్లలు తెస్తాం, రెండు బతుకుతాయి, పండక్కి ఆ రెండూ పెద్ద రేటు పలుకుతాయి. చాలదా? వేరే దొడ్డి కట్టమని చెప్పేవాళ్లకి ఎకరాలున్నాయేమో. 5 సెంట్లోడు ఏం చేస్తాడు?

వంశధార_గట్టు: చచ్చిన నాలుగు ఎక్కడికెళ్లాయి?

చోడంబలి: ఏటా ప్రశ్న?

వంశధార_గట్టు: మొదటిది రెక్కలు దించగానే మిగతావాటిని ఏం చేస్తారు? పచ్చ రెట్ట కనపడిన మర్నాడే సంతకి. కొక్కెర తెగులు (రాణిఖేత్ వైరస్ రోగం) అప్పుడూ అంతే, మెడ తిరిగిన కోడి ఒకటి కనిపిస్తే మిగతావన్నీ బుట్టలోకెక్కి సంతకి. సంతలో కొన్నవాడికి రోగం ఉచితం. నేను కొన్న పిల్లలు అలా వచ్చినవే, అమ్మినాయన ‘పొద్దుటి దాకా బాగానే ఉన్నాయి’ అన్నాడు. నా గొడవ ఇదీ, టర్కీ కాదు.

చోడంబలి: ఇప్పుడు చెప్పండి అలాగ! పొద్దున్నుంచీ పురుగు పురుగు అని కూర్చున్నారు. సంతకి పంపకపోతే ఏం చేస్తాడు? పూడిస్తే డబ్బులెవరిస్తారు? పది కోళ్లుంటే పదీ పోయిన ఇంట్లో చిల్లర ఖర్చులకి ఏముంటాది? కొక్కెర టీకా వెయ్యాలన్నా సీసా వంద డోసులు, మనకి పది పక్షులు. విప్పాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి.

వంశధార_గట్టు: పదిళ్లు కలిసి ఒకే రోజు వేయించుకుంటే సీసా సరిపోతుంది. పిల్లకి ఏడో రోజు లసోటా టీకా కంట్లో చుక్క, నాలుగో వారంలో మళ్లీ, 8 వారాలు దాటాక ఆర్‌2బి రెక్క కింద అర మిల్లీ. ఆ వయసు రాకుండా ఆర్‌2బి వేస్తే టీకాయే చంపుతుంది. సీసా ఐసులో తేవాలి.

చోడంబలి: ఆ పదిళ్లనీ కూడగట్టేది ఎవరు? మీరు వస్తారా?

గోస్తని: బాతుల్ని మర్చిపోకండి. అవి కొక్కెర వైరస్ మోస్తాయి గానీ పడిపోవు. తేలినీలాపురం, తేలుకుంచి చుట్టుపక్కలవాళ్లు విడిది పక్షులున్న చెరువులోకి బాతుల్ని వదలకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ ఎంత చేసిందో చూశాం.

పైడితల్లి_ఊరు: సంతలో కొన్నదాన్ని 21 రోజులు వేరే గంపలో, వేరే గిన్నెతో ఉంచితే సగం గొడవ ఉండదు కదా.

వంశధార_గట్టు: కొనేవాడు ఉంచాలి, నిజమే. అమ్మేవాడు?

చోడంబలి: మళ్లీ మొదలు.

కొత్తదడి: టర్కీలు మానేశాను. గిన్నికోళ్లు ఖాయం. కానీ అవి సాయంత్రమయ్యేసరికి చెట్టెక్కి కూర్చుంటాయంటున్నారు, ఎలా దించడం?

నాగావళి_ఇసక: ఎక్కినదాన్ని దించలేరు. తెచ్చిన రోజు నుంచీ ఐదారు వారాలు గూట్లోనే మూసి ఉంచండి. గూట్లో ఎత్తుగా వాసం కట్టండి, సాయంత్రం మేత అక్కడే. తర్వాత ముందు రెండింటిని వదలండి, లోపల ఉన్నవాటి అరుపుకి బయటవి తిరిగొస్తాయి.