పదేళ్ల పాప సైకిల్ మీద పెద్ద రోడ్డు దాటాలి, ఎలా నేర్పాలి?

ఇద్దరు పిల్లల అమ్మ:
మా పాపకి పదేళ్లు. సైకిల్ బాగా తొక్కుతుంది, ఒంటి చేత్తో మలుపు కూడా తిప్పగలదు. ఇక మీదట బడికి తనే సైకిల్ మీద వెళ్తానంటోంది. దారంతా చిన్న వీధులే, ఒక్క చోట తప్ప. అక్కడ నాలుగు వరసల రోడ్డు, మధ్యలో డివైడర్, సిగ్నల్ లేదు. జీబ్రా గీతలున్నాయి గానీ వాటిని చూసి ఆగేవాళ్లు తక్కువ. బడి వేళకి బస్సులు, లారీలు, బైకులు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఇంకాస్త ముందుకెళ్తే సిగ్నల్ ఉంది, అది చుట్టుదారి అని తను ఒప్పుకోవడం లేదు.

రెండు వైపులా చూసి దాటమని చెబుతూనే ఉన్నాను. తను చూస్తుంది కూడా. కానీ బండి ఇంకా దూరంగా ఉందమ్మా అని తనంటుంటే, నాకేమో అది మీదికొచ్చేసినట్టే ఉంటుంది. దీనికి తోడు ఎనిమిదేళ్ల తమ్ముడు అక్క వెనకే నేనూ వస్తానని పేచీ. పిల్లల్ని సైకిల్ మాన్పించడం నాకు ఇష్టం లేదు. ఈ వయసులో ఎంతవరకు వదలొచ్చు? నేర్పిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

డ్రిల్లు మాస్టారు:
అమ్మా, నేను బడిలో పీఈటీని. పిల్లలకి సైకిల్ మీద రోడ్డు దాటడం చాలా ఏళ్లుగా నేర్పుతున్నాను. మీకు కలిగిన అనుమానం సరైనదే. పాప చూడకపోవడం వల్ల వచ్చే ముప్పు కాదు ఇది.

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో జోడీ ప్లమర్ట్ అనే ఆచార్యురాలి బృందం పది, పన్నెండేళ్ల పిల్లల్నీ పెద్దవాళ్లనీ కదలని సైకిళ్లు ఎక్కించి, చుట్టూ తెరల మీద రద్దీ వీధుల్ని చూపించి, వాటిని దాటమంది. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. బండికీ బండికీ మధ్య ఖాళీని ఎంచుకోవడంలో పిల్లలు పెద్దవాళ్లకి తీసిపోలేదు, దాదాపు అంతే ఖాళీ చూసుకున్నారు. తేడా ఆ తరవాత వచ్చింది. ముందు బండి దాటీదాటగానే పెద్దవాళ్లు కదిలారు. పిల్లలు కాస్త ఆలస్యంగా కదిలారు, దాటడానికీ ఎక్కువసేపు తీసుకున్నారు. అందుకని అవతలికి చేరేసరికి వెనకొచ్చే బండికీ వాళ్లకీ మధ్య మిగిలిన వ్యవధి తగ్గిపోయింది.

నా పిల్లల్లో రోజూ చూసేది ఇదే. ఖాళీ కనిపిస్తుంది, వెళ్దామనుకుంటారు, అప్పుడు పెడల్ వెతుక్కుంటారు. పెడల్ కిందుంటే కాలితో తిప్పి పైకి తెచ్చుకోవాలి. గేర్ల సైకిల్ బరువైన గేరులో ఆగి ఉంటే మొదటి తొక్కు పడదు, హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది. ఈలోగా ఖాళీ సగం అయిపోతుంది. కాబట్టి రోడ్డు ఊసెత్తకుండా, ముందు ఖాళీ మైదానంలో ఆగడం, బయల్దేరడం నేర్పండి. ఆగిన ప్రతిసారీ ఒక పెడల్ ముందుకీ పైకీ ఉండాలి, రెండో కాలు నేల మీద, వేళ్లు బ్రేకుల మీద. చప్పట్లు కొట్టగానే ఊగకుండా నిటారుగా కదలాలి. మీరు ఎప్పుడు చప్పట్లు కొట్టినా తడబడకుండా బయల్దేరేదాకా ఇదే చేయించండి. సీటు కూడా చూడండి. ఎదుగుతారులే అని పెద్ద సైకిల్ కొంటారు, మునివేళ్లు కూడా నేలకి ఆనవు. అలాంటి సైకిల్ మీద ఏ పిల్లకీ ఇది రాదు.

ఇది వచ్చినా మీరు చెప్పిన రోడ్డు మాత్రం సైకిల్ ఎక్కి దాటనివ్వొద్దు. దిగి, నడిపించుకుంటూ దాటాలి. సగం రోడ్డు అంటే రెండు వరసలు, సుమారు 7 మీటర్లు. సైకిల్ పొడవు కూడా కలిపితే నడిచి దాటడానికి దాదాపు 7 సెకన్లు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి 14 మీటర్లు కదులుతుంది, అంటే 7 సెకన్లలో 98 మీటర్లు. మీరే ఒకసారి వెళ్లి, పాప నిలబడే చోటు నుంచి 100 మీటర్లకి ఇంకా అవతల ఉన్న స్తంభమో చెట్టో గుర్తు పెట్టండి. దానికి ఇవతల ఏ బండి ఉన్నా కదలకూడదు. దూరమా దగ్గరా అని తన కంటితో అంచనా వేసే పని తప్పుతుంది. అసలు పిల్లల కంటికి వేగం సరిగా అందదు. లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కళాశాల పరిశోధకులు 2011లో తేల్చిందేమిటంటే, ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలు గంటకి 30 కిలోమీటర్లకి పైబడి వచ్చే బండి తమ మీదికే వస్తోందన్న సంగతిని నమ్మకంగా పసిగట్టలేరు.

డివైడర్ దగ్గర ఇంకో చిక్కు. పిల్లల సైకిల్ కూడా మీటరున్నర దాకా ఉంటుంది. డివైడర్ అంతకంటే సన్నగా ఉంటే ముందు చక్రమో వెనక చక్రమో రోడ్డు మీదికి పొడుచుకొస్తుంది. అక్కడ సైకిల్‌ని డివైడర్ వెంబడి తిప్పి నిలబెట్టడం నేర్పాలి. తిప్పడానికి కూడా చోటు లేకపోతే అక్కడ దాటించకండి, సిగ్నల్ దగ్గరికే పంపండి. నిజానికి నా సలహా మొదటి నుంచీ సిగ్నలే. చుట్టుదారి నాలుగు నిమిషాలు ఎక్కువైతే కానివ్వండి.

బస్సు డ్రైవరు:
మాస్టారు చెప్పింది బాగుంది. స్టీరింగు వైపు నుంచి రెండు ముక్కలు.

ఒకటి, మేము ఆగామని పిల్లలు వెంటనే పరిగెత్తేస్తారు. నేను ఆగితే నా పక్క వరసలో వచ్చేవాడికి నా బస్సే అడ్డం. పాప వాడికి కనపడదు, వాడు పాపకి కనపడడు. ఆగిన బండి ముందు నుంచి నడిచి, దాని అంచు దగ్గర మళ్లీ ఆగి, తల బయటికి పెట్టి పక్క వరస చూసుకోవాలి. బస్సుకి మరీ ఆనుకుని కూడా వెళ్లొద్దు. పొట్టి పిల్లలు మా అద్దం కిందే ఉండిపోతారు, సీట్లోంచి తల కూడా కనపడదు. మూడు నాలుగు మీటర్లు ఎడంగా పోతే మాకు తెలుస్తుంది.

రెండోది, సిగ్నల్ దగ్గర మలుపు తిరిగే లారీ, బస్సు పక్కన సైకిల్ ఎప్పుడూ ఆపకూడదు. ముందు చక్రాలు వెళ్లిన దారిన వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు భాగం దాటిపోయింది కదా అనుకుంటే వెనక చక్రం దగ్గరికొస్తుంది. బండి వెనకే ఆగమనండి. 50లో ఉన్నప్పుడు నా కాలు బ్రేకు మీద పడేలోపే బస్సు పది పన్నెండు మీటర్లు ముందుకి పోతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలు. హారన్ కొట్టాం కదా ఆగిపోతాంలే అని పిల్లలు అనుకోకుండా చూడండి.

వీధి కమిటీ సభ్యురాలు:
అన్నీ పిల్లకే నేర్పమంటున్నాం, నాకు అదే బాధగా ఉంది. స్వీడన్‌లో స్టీనా సాండెల్స్ అనే మనస్తత్వవేత్త 1960ల్లోనే చెప్పారు, చిన్నపిల్లల్ని ట్రాఫిక్‌కి తగ్గట్టు మార్చలేం, ట్రాఫిక్‌నే వాళ్లకి తగ్గట్టు మార్చాలని. నెదర్లాండ్స్‌లో 1971 ఒక్క ఏడాదే 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోతే తల్లిదండ్రులు వీధుల్లో బైఠాయించారు. ఈరోజు అక్కడ పిల్లలు సైకిళ్ల మీద బడికి వెళ్తున్నారంటే ఆ పోరాటానికి అందులో పెద్ద పాత్రే ఉంది. నడిచేవాళ్లూ సైకిళ్లూ బండ్లతో కలిసే చోట వేగం గంటకి 30 కిలోమీటర్లు మించకూడదని రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ దేశాల సదస్సులో వెలువడిన 2020 స్టాక్‌హోం ప్రకటన స్పష్టంగా చెప్పింది. బడిలోని మిగతా తల్లిదండ్రులతో కలిసి స్పీడ్‌బ్రేకరు, దాటే చోట వెడల్పాటి డివైడర్ కావాలని రాసివ్వండి. ఎన్ని బండ్లు, ఏ వేళ, ఎంతమంది పిల్లలు దాటుతున్నారో ఒక వారం లెక్క రాసి జతచేస్తే ఆ కాగితాన్ని పక్కన పడేయడం కష్టం.

ఇద్దరు పిల్లల అమ్మ:
అందరికీ చాలా థాంక్సండి. ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. డివైడర్ సైకిల్ కన్నా సన్నగా ఉంది, తిప్పడానికి కూడా వీల్లేదు. కాబట్టి సిగ్నల్ దారే. మాస్టారూ, తమ్ముడి సంగతి చెప్పలేదు.

డ్రిల్లు మాస్టారు:
తమ్ముణ్ని అక్క వెనక పంపొద్దమ్మా. వెనకున్నవాడు బండ్లని చూడడు, అక్క వీపు చూస్తాడు. అక్కకి సరిపోయిన ఖాళీ వాడు బయల్దేరేసరికి ఉండదు. అవతలికి చేరిన అక్క కంగారుపడి రా రా అని పిలిచిందంటే ఇంకా ప్రమాదం. ఎనిమిదేళ్లకి పెద్దరోడ్డు వద్దు, సిగ్నల్ ఉన్నా సరే. మీరో, ఇంకో పెద్దవాళ్లో పక్కన ఉండాలి. పాపతో కూడా కొన్నాళ్లు మీరు వెళ్లండి, కానీ మీరేమీ చెప్పకుండా ఎప్పుడు వెళ్లాలో తననే పైకి చెప్పమనండి. తను ఇప్పుడు అన్నప్పుడల్లా మీ మనసు కూడా ఇప్పుడే అంటుంటే ఒంటరిగా పంపొచ్చు. వాన రోజు మాత్రం ఆ లెక్క పనికిరాదు. తడిస్తే రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచుని నొక్కి ఆపే బ్రేకులు, సరిగా పట్టవు, బండ్లూ ఆలస్యంగా ఆగుతాయి. ఆ రోజు మీరే దింపండి.