‘ఖూనీకోరు’లో కోరు ఎక్కడిది?

పాతపుస్తకం: ఎప్పుడో చదివిన అపరాధ పరిశోధన నవల. కొత్తగా చేరిన అమ్మాయి, మొదటి హత్య కేసు. శవం పక్కన నోట్‌బుక్ తెరిచి ‘హంతకుడు’ అని రాస్తుంది. ‘డు’ కొట్టేస్తుంది. తర్వాత మొత్తం కొట్టేసి ‘ఖూనీకోరు’ అని రాస్తుంది. పై అధికారి అది చూసి, “ఖూనీకోరు ఏం కోరాడో పట్టుకో, మిగతాది అదే వస్తుంది” అంటాడు. మాట ఇదేనా? రెండు రోజులుగా మనసులో నలుగుతోంది.

నిఘంటుప్రియ: నవల చదవలేదు గానీ, ఆ చమత్కారం నిలవదండీ. ఈ కోరు మన కోరిక కాదు. పారసీ ‘ఖోర్’, తినేవాడు. లంచకోరు లంచం తినేవాడే కదా.

కలంపోటు: మరి తగవులకోరు తగవులు తింటాడా? పుట్టుక ఏదైనా తెలుగు చెవికి అది కోరడమే. ఇంకో సంగతి. ఉర్దూలో ఖూనీ అంటే చంపినవాడు. మనం దాన్ని చంపడానికి వాడేసుకున్నాం, అందుకే మనిషికి వేరే తోక కావలసివచ్చింది.

నిఘంటుప్రియ: ఆ తోకా అక్కడిదే అంటున్నాను. ఇలాంటి మాటల కోసమే బ్రౌన్ 1854లో మిశ్రభాషా నిఘంటువు విడిగా వేశాడు.

వెన్నెలపుట: మీరిద్దరూ ఆ ‘డు’ని వదిలేశారు! ‘హంతకుడు’ అని రాస్తే అనుమానితుల్లోంచి ఆడవాళ్లంతా ముందే తప్పుకున్నట్టు. ఆయనా తగవులకోరే, ఆవిడా తగవులకోరే. కోరుకి ఆడామగా లేదు. మొదటి కేసులోనే ఆ పిల్లకి అది తట్టింది చూడండి, నాకు ఎంత నచ్చిందో! కాబట్టి అక్కడ ‘కోరాడో’ ఉండదు, ‘కోరారో’ అయ్యుంటుంది.

నర్తనశాల: కోరిక అంటే నాకు తిక్కన కీచకవధే. కాగడాల వెలుగులో తల ఏదో, కాళ్లేవో తెలియని మాంసపు ముద్ద. చంపింది గంధర్వులని అందరూ వణికిపోతారు. అక్కడ కోరినవాడు చంపినవాడు కాదండీ, చచ్చినవాడు. అందుకే అది ఖూనీ కాలేదు, వధ అయింది. విరాటపర్వం ఎన్నిసార్లు చదివినా నేను అక్కడ ఆగిపోతాను.

నిఘంటుప్రియ: మరి గోవధ? వధశాల? వధకీ న్యాయానికీ ముడి పెట్టకండి.

నర్తనశాల: శిశుపాలవధని శిశుపాలహత్య అనండి చూద్దాం.

పాతపుస్తకం: కీచకుడి మాటతో ఒకటి గుర్తొచ్చింది. అధికారి అలా అన్నాక ఆ అమ్మాయి బయటికి వెళ్లదు. చచ్చిపోయినాయన బల్ల సొరుగు లాగుతుంది. అయితే అన్నది ‘ఖూనీ అయినవాడు ఏం కోరాడో’ అనా? అప్పుడు ‘డో’నే సరిపోతుంది.