అప్‌డేట్: చెల్లి చదివే లివింగ్ బైబిల్ గురించి అడిగాను కదా

అందరికీ వందనాలు. డిగ్రీ చదివే మా చెల్లి ఇంగ్లిష్‌లో లివింగ్ బైబిల్ చదువుతోంది, దాన్ని నమ్మొచ్చా అని అడిగాను. ముందుమాట చదవమన్నారు మీలో ఒకరు. ఇద్దరం కూర్చుని చదివాం, నా టెన్షన్ చాలావరకు తగ్గింది.

కెన్నెత్ టేలర్ దీన్ని హీబ్రూ, గ్రీకుల నుంచి అనువదించలేదు. 1901 నాటి అమెరికన్ స్టాండర్డ్ వెర్షన్ అనే ఇంగ్లిష్ బైబిల్‌ను తన పిల్లలకు అర్థమయ్యేలా సొంత మాటల్లో రాశారు. పూర్తి పుస్తకం 1971లో వచ్చింది. ఇలాంటి వాటిలో మూల రచయిత ఉద్దేశించనిది కూడా చేరిపోయే ప్రమాదం ఉందని ముందుమాటలోనే ఉంది. ఆ నిజాయితీ నాకు బాగా నచ్చింది.

న్యూ లివింగ్ ట్రాన్స్‌లేషన్ అనే ఇంగ్లిష్ బైబిల్ కూడా ఇదేనని చాలామంది అనుకుంటారు, కానీ కాదు. లివింగ్ బైబిల్‌ను సవరించే పనిగానే మొదలైనా, చివరికి దాదాపు 90 మంది పండితులు మూలభాషల నుంచి చేసిన అనువాదంగా 1996లో వచ్చింది.

చెల్లిని మానేయమని చెప్పలేదు. సమూయేలు, రాజుల గ్రంథాలు కథలా సాగుతున్నాయని ఇష్టంగా చదువుతోంది. పౌలు పత్రికలకు మాత్రం పక్కన మన పాత తెలుగు బైబిల్ కూడా తెరిచి పెట్టుకుంటోంది. యూత్ మీటింగ్‌లో వాక్యం చెప్పాల్సి వస్తే ఆ తెలుగు బైబిల్‌లోంచే చెబుతానంది.